పసుపు నీళ్ళతో బస్సు కడిగిన అల్లుడు

శుభ్రత వల్ల బాగుపడిన వాళ్ళ గురించి మీరు చిన్నప్పటి నుంచి వింటూనే ఉండి ఉంటారు. అదే శుభ్రత వల్ల ఒకే సాయంత్రం అత్తగారి దగ్గర పరువునీ, కుదిరిపోయిన బేరాన్నీ, ఒక అమెరికన్ ఆవిడ తెల్ల స్వెట్టర్‌నీ నాశనం చేసినవాడి గురించి మాత్రం విని ఉండరు. అలాంటివాడు ఎలా ఉంటాడో చూడాలంటే మా ఇంటికి రండి, తలుపు నేనే తీస్తాను.

అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది దాటలేదు. కొత్త అల్లుణ్ణి. అత్తవారింట్లో మంచి పేరు తెచ్చుకోవాలన్న పట్టుదల పీకలదాకా ఉంది. తెలివి మాత్రం పీకల దగ్గరే ఆగిపోయింది, పైకి ఎక్కలేదు.

మా మావయ్యగారు అమెరికాలో కెనడా సరిహద్దుకి దగ్గర్లో ఉన్న బాతెల్‌లో ముప్ఫయ్యేళ్ళు మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. రిటైరైన మర్నాడే ఒక ఆర్వీ కొన్నారు. ఆర్వీ అంటే ఏమిటంటారా? మంచం, వంటిల్లు, స్నానాల గది, అన్నీ లోపలే ఉన్న బస్సు. మావయ్యగారు దాన్ని ముద్దుగా "మన ఆర్వీ" అనేవారు. అత్తయ్యగారు "ఆ బస్సు" అనేవారు, సవతి ఊసెత్తినట్టు.

ఆవిడ కోపానికి కారణం గోంగూర. బాతెల్‌లో ఎండ చుట్టపుచూపుగా వస్తుంది, వచ్చినా కాఫీ తాగకుండానే వెళ్ళిపోతుంది. ఆ కాస్త ఎండా సరిగ్గా ఆవిడ గోంగూర మడి మీద పడే వేళకి, ఇంటి ముందు డ్రైవ్‌వేలో నిలబెట్టిన ఆర్వీ అడ్డం. మొక్కలు జానెడు లేచి, నీడని చూసి నీరసపడి, మళ్ళీ కూర్చుండిపోయేవి. "నేనో ఆ బస్సో తేల్చుకోండి" అని ఆవిడ అనలేదు. "గోంగూరో ఆ బస్సో తేల్చుకోండి" అన్నారు. మావయ్యగారు జీవితంలో ఆవిడకి ఎదురు చెప్పి ఎరగరు. అమ్మకానికి పెట్టేశారు.

పెట్టారు గానీ బేరాలు నిలవలేదు. వచ్చినవాళ్ళని మావయ్యగారే దగ్గర కూర్చోబెట్టుకుని, "ఎడమవైపు తిప్పితే మూలుగుతుంది. ఎత్తు ఎక్కితే ఆయాసపడుతుంది. కిటికీ ఒకటి వానొస్తే ఏడుస్తుంది" అని రోగి చరిత్ర మొత్తం విప్పేవారు. వాళ్ళు నెమ్మదిగా లేచి వెళ్ళిపోయేవారు. "అంత నిజాయితీ ఎవడికి కావాలండీ?" అని అత్తయ్యగారు తల కొట్టుకునేవారు. నేను ఆవిడ పక్షం. అల్లుడన్నవాడు ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ముందు చూసుకోవాలి కదా!

అమ్మేలోగా ఒక్కసారి మేమూ తిరిగొద్దామని నేను, మా ఆవిడ మేఘన, మా కుక్క జున్ను, ముగ్గురం ఆ ఆర్వీలో కెనడా కొండలు చూడ్డానికి వెళ్ళాం. జున్ను పేరుకి తగ్గట్టు తెల్లగా, మెత్తగా, భారీగా ఉంటుంది. దాని ఒంటి మీద ఎంత బొచ్చుందో రోజూ అంతే రాలుస్తుంది. అయినా ఒంటి మీది బొచ్చు తరగదు. ఈ లెక్క ఏ సైన్సుకీ అందదు.

ప్రయాణం బ్రహ్మాండంగా జరిగింది. కాబట్టి దాని గురించి చెప్పను, బాగా జరిగిన ప్రయాణాల వల్ల వినేవాళ్ళకి ఏమీ లాభం లేదు. ఒక్క ముక్క మాత్రం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. కొండల్లో రాత్రిళ్ళు ఒణికించే చలి. ఆర్వీలో హీటరుంది. గ్యాసుతో మండుతుంది. "మనం నిద్రపోతుంటే మంచం కింద మంట మండటమేంటి? వద్దు" అని నేను దాన్ని ముట్టుకోనివ్వలేదు. "రవీ, అందరూ వాడతారు" అని మేఘన అమెరికాలో పుట్టిన ధైర్యంతో అంది. తణుకులో పుట్టిన భయంతో నేను వినలేదు. దుప్పట్లు కప్పుకుని, వాటి మీద జున్నుని కప్పుకుని పడుకున్నాం.

తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గర బళ్ళ వరసలో ఉండగా అత్తయ్యగారి ఫోను.

"ఎక్కడిదాకా వచ్చారు బాబూ?"

"బోర్డర్ దగ్గరున్నామండీ."

"సాయంత్రం బస్సు చూడ్డానికి వస్తున్నారు. ఈసారి వాళ్ళు గట్టివాళ్ళు. ఆయన రిటైరైన మెకానిక్కట. మీ మావయ్యగారు ఏం రోగం చెప్పినా బెదరడు. ఆవిడ మాత్రం మహా నీటు. కుక్క ఎక్కిన బండి అని ముందే చెప్పేశాను. ఫర్వాలేదు గానీ వెంట్రుక కనిపించకూడదు, వాసన రాకూడదు అంది."

"ఒక్క వెంట్రుక కూడా ఉండదండీ. నేను చూసుకుంటాను."

"మీ మీదే భారం పెట్టాను బాబూ. ఈ బేరం కుదిరితే మొదటి గోంగూర పచ్చడి మీకే."

ఆ మాటతో నా ఛాతీ సీటుబెల్టు తెగేంత ఉబ్బింది. ఇంతలో మా వంతు వచ్చింది. కిటికీలోంచి ఆఫీసరు లోపలికి తొంగి చూశాడు.

"ఎన్ని కుక్కలున్నాయి?"

"ఒకటి."

ఆయన సీట్లకేసి చూశాడు. నేలకేసి చూశాడు. నా చొక్కాకేసి చూశాడు. "ఒకటేనా?" అన్నాడు మళ్ళీ. జున్ను ఇంజెక్షన్ల కాగితం చూపించాం. ఆయన అది తిరిగిచ్చేటప్పటికే దానికి రెండు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. దేశం దాటామన్న ఆనందం లేదు నాకు. వెనక్కి తిరిగి చూస్తే ఆర్వీ లోపల పత్తి మిల్లులా ఉంది.

బాతెల్ ఇంకాస్త దూరం ఉందనగా, హైవే పక్కన బళ్ళు కడుక్కునే చోట ఆపాం. రోడ్డుకి అవతలే కుక్కలకి స్నానం చేయించుకునే షాపుంది. మేఘన జున్ను మెడకి తాడు కట్టింది.

"నేను జున్నుకి బాత్ ఇచ్చి వస్తా. నువ్వు వాక్యూమ్ చెయ్యి, తర్వాత డ్యాంప్ క్లాత్‌తో వైప్ చెయ్యి. దట్స్ ఆల్. ఓకే?"

"ఓకే."

"రవీ, ఎక్స్‌ట్రా ఏం చెయ్యకు."

భార్యలకి భవిష్యత్తు ముందే ఎలా తెలుస్తుందో, తెలిసినా మనల్ని వదిలి ఎందుకు వెళ్ళిపోతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వాక్యూమ్ మొదలుపెట్టాను. అది పాపం బొచ్చు మింగి, మింగి, కాసేపటికి మూలిగి ప్రాణం విడిచింది. తడిగుడ్డతో తుడిచాను. వెంట్రుకలు గుడ్డకి అంటుకోవడం మానేసి నేలకే మరింత ప్రేమగా అతుక్కున్నాయి. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. గుడ్డతో తుడవడం కూడా ఒక శుభ్రమేనా? తణుకులో మా అమ్మ ఇల్లు తుడిచేది కాదండీ, కడిగేది. శుక్రవారం వచ్చిందంటే బక్కెట్లతో నీళ్ళు గుమ్మరించి, ఈనెల చీపురుతో బరబరా తోస్తుంటే గదులన్నీ కాలవలై పారేవి. ఆ తర్వాత గచ్చు మీద అన్నం పెట్టుకుని తినొచ్చు. అలాంటి తల్లి కడుపున పుట్టి నేను తడిగుడ్డ పట్టుకుని దేక్కుంటూ తిరగడమా?

ఇక ఆగలేదు. బక్కెట్ ఉంది. మగ్గు ఉంది. ఇండియన్ స్టోర్‌లో కొన్న ఈనెల చీపురు అత్తయ్యగారే ఎప్పుడో బండిలో పడేశారు. సబ్బు నీళ్ళు కలిపాను. వాసన పోవాలి కదా అని పోపుల డబ్బాలోంచి పసుపు గుప్పెడు వేశాను. దేవుడి సామాన్ల సంచిలో ఉన్న కర్పూరం నలిపి అదీ కలిపాను. ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, దేవుణ్ణి తలుచుకుని, మొదటి బక్కెట్ గుమ్మరించాను.

నీళ్ళు ఇటు నుంచి అటు పరిగెత్తాయి. వాటి మీద జున్ను బొచ్చు పడవలు కట్టుకుని తేలింది. అప్పుడు గుర్తొచ్చింది, ఈ నీళ్ళు బయటికెలా పోతాయి? మా ఇంట్లో అయితే గది మూల తూముంది. ఇక్కడో? కంగారుగా చుట్టూ చూశాను. కనిపించింది! నేలలోనే, గోడ వారగా, చక్కటి ఇనప జాలీ. చీపురుతో అటు తోశాను. గుడగుడమని శబ్దం చేస్తూ నీళ్ళు, బొచ్చు, నా బెంగ అన్నీ ఒక్కసారే అందులోకి జారిపోయాయి.

ఆహా, ఆర్వీకి కూడా తూము పెట్టారన్నమాట! వెతికితే అలాంటివి నాలుగున్నాయి. గదికో తూము! అమెరికా వాళ్ళు ఊరికే పైకి రాలేదనుకున్నాను.

నన్ను మరీ మూర్ఖుడనుకోకండి, నేనూ ఇంజనీర్నే. కిందికి వంగి చూశాను, బండి కింద ఒక్క చుక్క పడలేదు. అయితే నీళ్ళు ఎక్కడికి పోతున్నట్టు? ఈ బళ్ళలో గిన్నెలు కడిగిన నీళ్ళు, స్నానం నీళ్ళు బయట పారవు, కింద ఉన్న ఒక ట్యాంకులోకి పోతాయి. ఇవీ అందులోకే పోతున్నాయని తీర్మానించాను. ఎంత పక్కాగా ఆలోచించానో చూశారా? తెలివితక్కువవాడు చేసే తప్పు చిన్నది. తర్కం తెలిసినవాడు చేస్తే దానికి నాలుగు జాలీలు కావాలి.

బక్కెట్ మీద బక్కెట్ పోశాను. మంచం కింది బొచ్చు, సీట్ల కింది బొచ్చు, మావయ్యగారి కాలం నాటి జీడిపప్పు ముక్కలతో సహా అన్నీ తూముల పాలు చేశాను. ఆఖరికి తువ్వాలుతో తుడిచేసరికి నేల అద్దంలా మెరిసింది. లోపలంతా గుడి వాసన.

మేఘన వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. జున్ను మెడలో ఎర్ర రిబ్బను, ఒళ్ళంతా షాంపూ పరిమళం.

"ఓ మై గాడ్. రవీ, ఎలా చేశావ్?"

"తణుకు స్టైల్."

"ఐ యామ్ సో ప్రౌడ్ ఆఫ్ యూ."

ఈ మాట తేదీ వేసి రాయించుకోలేదే అని తర్వాత చాలా బాధపడ్డాను.

జున్ను లోపలికి రాగానే జాలీ దగ్గరికి వెళ్ళి ముక్కు పెట్టి వాసన చూసింది. నాకేసి చూసి చిన్నగా మొరిగింది. నోరులేని జీవి అదొక్కటే నిజం చెప్పబోయింది, నేను "ష్" అన్నాను. ఇంటికి మలుపు తిరుగుతుంటే కింద గలగలమంది.

"వాట్స్ దట్ సౌండ్?" అంది మేఘన.

"ట్యాంకులే" అన్నాను.

ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు. బండి కడగగానే బేరం కాదని కూడా ఒక ముక్క చేర్చి ఉంటే నాలాంటి వాళ్ళకి ఉపయోగపడేది.

సాయంత్రం టామ్, నాన్సీ అనే ఆ దంపతులు వచ్చారు. ఆయన చేతిలో టార్చిలైటు. ఆవిడ ఒంటి మీద పాలమీగడ లాంటి తెల్ల స్వెట్టర్. అందరం ఆర్వీలోకి ఎక్కాం. మేఘన జున్నుని పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. నాన్సీ అరల మీద వేలితో రాసి చూసుకుంది. సీట్ల సందుల్లోకి వంగి చూసింది. ముక్కు ఎగబీల్చింది.

"స్పాట్‌లెస్!" అంది.

"మై సన్ ఇన్ లా క్లీన్ చేశారు. వెరీ నీట్ బాయ్" అన్నారు అత్తయ్యగారు, నన్ను కన్నది ఆవిడే అన్నంత గర్వంగా. నా కాళ్ళు నేల మీద లేవు.

మావయ్యగారి మొహం మాత్రం వాడిపోయింది. టామ్‌ని పక్కకి తీసుకెళ్ళి, ఎడమవైపు మూలుగు గురించి చెప్పారు. "అది నేను బాగుచేసుకుంటా" అన్నాడు టామ్. ఆయాసం గురించి చెప్పారు. "అదీ చేసుకుంటా." ఏడ్చే కిటికీ గురించి చెప్పారు. "కిటికీలంటే నాకిష్టం" అన్నాడాయన. మావయ్యగారికి ఇక చెప్పడానికి జబ్బులు మిగల్లేదు. స్టీరింగు మీద చెయ్యి వేసి, నాడి చూస్తున్నట్టు కాసేపు అలాగే ఉండిపోయారు.

టామ్ బేరం కుదిరినట్టు చెయ్యి చాచాడు. సరిగ్గా అప్పుడే నాన్సీ అంది, "ఒక్క మాట. నాకు చలి ఎక్కువ. హీటర్ పనిచేస్తుందా?"

"పనిచేస్తుంది. దానికి మాత్రం ఏ జబ్బూ లేదు" అన్నారు మావయ్యగారు ఎంతో దిగులుగా. గోడకున్న మీట మీద వేలు పెట్టి, రెండో చేత్తో నేలకేసి చూపించారు. "వేడిగాలి ఇదిగో, ఈ నాలుగు జాలీల్లోంచి వస్తుంది."

నా గుండె జారింది. ఐదో జాలీ ఉంటే అందులోంచి కిందికి పోయేది.

"మావయ్యగారూ, ఆగండి!"

"ఏమయ్యా?"

"ఆగస్టులో హీటరెందుకండీ? పాపం, వాళ్ళకి చెమట పడుతుంది!"

"ఆవిడ అడిగిందయ్యా" అంటూ నొక్కేశారు.

ముందు ఎక్కడో లోపల మోటారు తిరిగిన చప్పుడు. తర్వాత మనిషి పుక్కిలించినట్టు గరగరమంది. తర్వాత ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ క్షణంలో నేను నాకు తెలిసిన దేవుళ్ళందరికీ దండం పెట్టాను. వాళ్ళందరికీ ఆ రోజు వేరే పనులున్నట్టున్నాయి.

ఫుర్‌ర్‌ర్ మంటూ నాలుగు జాలీలూ ఒక్కసారిగా తుమ్మాయి.

పసుపు నీళ్ళు చిమ్మనగ్రోవిలా లేచాయి. వాటి వెనక పసుపు పట్టిన బొచ్చు ఉండలు ఉండలుగా ఎగిరి, కప్పుకి తగిలి, టామ్ నాన్సీల తలల మీద నెమ్మదిగా రాలింది. అచ్చం పెళ్ళిలో అక్షింతలు పడ్డట్టు! టామ్ టోపీ మీద అక్షింతలు, ఆవిడ తెల్ల స్వెట్టర్ నిండా అక్షింతలు. చుట్టూ తడి కుక్క వాసన, దానికి తోడు కర్పూరం. గుడిలోకి కుక్కలు గుంపుగా దూరినట్టుంది. తన బొచ్చు తన కళ్ళ ముందే గాల్లో ఎగురుతుంటే జున్నుకి పట్టరాని ఆనందం వచ్చి, మేఘన చేతిలోంచి తాడు లాక్కుని లోపలికి దూకి, ఎగిరి ఎగిరి పట్టుకోబోయింది.

నాన్సీ తన స్వెట్టర్ చూసుకుంది. "ఈ పచ్చటిదేమిటి?" అంది.

అత్తయ్యగారు ఆ దిగ్భ్రమలో కూడా అలవాటు తప్పలేదు. "టర్మరిక్. వెరీ గుడ్ ఫర్ స్కిన్" అన్నారు.

"రవీ," అంది మేఘన మెల్లగా, "వాటర్ పోశావా?"

నేను తల ఊపాను. తల మీంచి బొచ్చు రాలింది.

టామ్ వెళ్తూ వెళ్తూ మర్యాదగా "మేమే ఫోన్ చేస్తాం" అన్నాడు. అమెరికాలో ఆ మాటకి అర్థం ఏమిటో ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. స్వెట్టర్‌ని మేం శుభ్రం చేయించి ఇస్తామని మేఘన వెంటపడి అడిగింది. మా ఇంట్లో శుభ్రం అన్న మాట వినగానే నాన్సీ కారు తలుపు వేసేసుకుంది.

అత్తయ్యగారు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. లోపలికి వెళ్ళి, గోంగూర మడికేసి ఒకసారి చూసి, "మేఘనా, అతను కాఫీ తాగుతాడేమో కనుక్కో" అన్నారు. పొద్దున్న బాబు, సాయంత్రం నీట్ బాయ్, చీకటిపడేసరికి అతను. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. పచ్చడి పోయినందుకు కాదు, ఆవిడ నా మీద పెట్టిన నమ్మకం పోయినందుకు.

అప్పుడు పెరటి తలుపు దగ్గర్నుంచి మావయ్యగారి గొంతు. "ఏమయ్యా, ఇలా రా."

ఆర్వీలోకి తీసుకెళ్ళి తలుపు వేశారు. అయిపోయింది నా పని అనుకున్నాను. మత్తు డాక్టరు, ఏ సూది గుచ్చినా అడిగేవాడు లేడు. ఆయన గంభీరంగా తడి సీట్లో కూర్చుని, జాలీకేసి చూసి, నాకేసి చూసి అడిగారు.

"ఎంత నీళ్ళు పోశావు?"

"చాలానే పోశానండీ."

"పసుపెందుకు?"

"వాసన పోతుందని."

ఆయన భుజాలు అదిరాయి. కోపమనుకున్నాను. చూస్తే మొహం అటు తిప్పుకుని, శబ్దం బయటికి పోకుండా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా నవ్వారు.

"వచ్చినవాళ్ళందర్నీ నిజాలు చెప్పి పంపించేశానయ్యా. ఈ టామ్ దేనికీ లొంగలేదు. ఇక నా ఆర్వీ పోయిందే అనుకున్నాను. దేవుడిలా వచ్చావు!" అన్నారు. జేబులోంచి రస్కు తీసి సగం జున్నుకి పెట్టి, మిగతా సగం నాకిచ్చారు. "ఈ మాట మీ అత్తయ్యకి తెలిసిందా, ఇద్దరం ఇందులోనే కాపురం ఉండాలి."

ఆ తర్వాత వారం వారం ఇద్దరం కలిసి ఆ గొట్టాలన్నీ ఊడదీసి, బొచ్చు లాగి, ఆరబెట్టి బిగించాం. నన్ను ఆయన మెచ్చుకున్నది పెళ్ళయ్యాక అదే మొదటిసారి. గోంగూర సంగతి కూడా ఆయనే తేల్చారు. పొద్దున ఒక పక్కకి, మధ్యాహ్నం ఇంకో పక్కకి ఆర్వీని జరుపుతూ మొక్కలకి ఎండ చూపించారు. ఆకులు అరచేయంత పెరిగాయి. అత్తయ్యగారు పచ్చడి చేసి నాకూ ఒక గిన్నె పంపారు, "ఆ గిన్నె మాత్రం అతన్ని కడగొద్దను" అన్న కబురుతో సహా.

అయినా ఆవిడ బస్సుని మరిచిపోలేదు. మొన్న మళ్ళీ అమ్మకానికి పెట్టించారు. నిన్న మావయ్యగారు ఫోన్ చేశారు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నారు.

"ఏమయ్యా, శనివారం ఎవరో వస్తున్నారట. కాస్త ముందుగా వచ్చి బండి కడిగి పెడతావా?"

"అలాగేనండీ."

"పసుపు నేను తెచ్చి ఉంచుతాలే."

అందుచేత, జున్ను తల మీద చెయ్యి పెట్టి, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నీళ్ళు ఎక్కడికి పోతాయో తెలుసుకోకుండా ఈ జన్మలో ఏ బండిలోనూ చెంబెడు నీళ్ళు కూడా పొయ్యను. ఈ ప్రమాణం ఆదివారం నుంచి అమల్లోకి వస్తుంది.